క్యాంపర్ వ్యాన్ ఫ్రిజ్ వెంటిలేషన్

క్యాంపర్ వ్యాన్ ఫ్రిజ్ వెంటిలేషన్ అనగా నివాసానికి అనువుగా తయారుచేసిన వాహనంలో ఫ్రిజ్ వెనుక పుట్టే వేడిని బయటి గాలి ద్వారా తొలగించే ఏర్పాటు. ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలి పదార్థాలనుండి వేడిని తోడి వెనుకవైపు వదులుతుంది. ఇంటిలో ఆ వేడి గదిలో కలిసిపోతుంది. వ్యానులో ఫ్రిజ్‌ను ఇరుకైన చెక్క అరలో బిగిస్తారు కనుక దారి లేని వేడి అక్కడే నిలిచిపోతుంది. వేసవిలో ఫ్రిజ్ చల్లబడటం లేదన్నప్పుడు, యంత్రాన్ని అనుమానించడానికి ముందు గాలి ఆడుతున్నదా లేదా అని చూడటం ఉచితం. పాలు విరిగిపోవడం చిన్న నష్టమే. కాని ఇన్సులిన్ నిల్వను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన ప్రయాణికులకు ఇది ఆరోగ్య సమస్య.

చరిత్ర

క్యాంపర్ వ్యాన్లలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్నది శోషణ పద్ధతి ఫ్రిజ్. ఫ్రాన్సుకు చెందిన ఫెర్డినాండ్ కారే 1859లో అమ్మోనియా శోషణ యంత్రానికి పేటెంటు పొందాడు. 1922లో స్టాక్‌హోం రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ పంపు గాని, కదిలే భాగాలు గాని లేని నమూనాను రూపొందించారు. దానిని ఎలక్ట్రోలక్స్ సంస్థ 1925లో మార్కెట్లోకి తెచ్చింది. కరెంటు లేనిచోట గ్యాస్ మంటతో పనిచేయడం, చప్పుడు చేయకపోవడం వలన ఇది వాహనాలకు బాగా సరిపోయింది. హోటల్ గదులలోని చప్పుడు లేని చిన్న ఫ్రిజ్‌లు చాలావరకు ఈ కోవకు చెందినవే.

పనిచేసే విధానం

ఈ యంత్రపు గొట్టాలలో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. అడుగున ఉన్న బాయిలర్‌ను గ్యాస్ మంటతో గాని, విద్యుత్తుతో గాని వేడిచేస్తారు. నీటినుండి విడిపోయిన అమ్మోనియా ఆవిరి పైకి పోయి, రెక్కలున్న కండెన్సర్‌లో చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం హైడ్రోజన్ ఉన్న గొట్టాలలోకి దిగి మరల ఆవిరి అవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని గ్రహిస్తుంది. తర్వాత అబ్జార్బర్‌లో నీటిలో కలిసి బాయిలర్‌కు చేరుతుంది.

ఇందులో గమనించవలసినది కండెన్సర్. అక్కడ అమ్మోనియా ద్రవం కాకపోతే మిగతా చక్రమంతా వృథా. అబ్జార్బర్ కూడా చల్లగా ఉంటేనే నీరు అమ్మోనియాను పీల్చుకుంటుంది. పైగా ఈ పద్ధతి సామర్థ్యం తక్కువ. బాయిలర్‌కు ఇచ్చిన వేడిలో కొంత భాగానికి సమానమైన వేడిని మాత్రమే లోపలినుండి తోడగలదు. ఇచ్చిన వేడి, తోడిన వేడి రెండూ ఫ్రిజ్ వెనుకనే బయటపడతాయి.

గాలి మార్గం

వాహనం పక్క గోడకు రెండు జాలీలు ఉంటాయి. కింది జాలీ ఫ్రిజ్ అడుగు మట్టంలో గాని అంతకంటె కింద గాని, పై జాలీ కండెన్సర్ కంటె ఎత్తులో గాని ఉండాలి. వేడెక్కిన గాలి తేలికై పైనుండి పోతుంటే, చల్లని గాలి కిందినుండి వస్తుంది. పొగగొట్టంలో జరిగేది ఇదే. రెండు జాలీల మధ్య ఎత్తు ఎక్కువైనకొద్దీ ప్రవాహం బలపడుతుంది. అమెరికా వాహనాలలో పై మార్గాన్ని తరచు పైకప్పు గుండా పెడతారు.

లోపాలు, మెరుగుదల

ఎక్కువగా కనిపించే లోపం ఫ్రిజ్‌కు, గోడకు మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉండటం. ఖాళీ ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది, కాని గాలి సులభమైన దారినే ఎంచుకుని కండెన్సర్ రెక్కలను తాకకుండా గోడ వెంట పైకి పోతుంది. రెక్కల వెనుక ఖాళీ సుమారు 25 మిల్లీమీటర్లకు మించకుండా అల్యూమినియం రేకుతో అడ్డుపలక బిగిస్తే గాలి రెక్కల గుండానే పోతుంది. ఫ్రిజ్ నెత్తిమీది ఖాళీలో కూడా వేడిగాలి గూడు కడుతుంది. దానిని పై జాలీవైపు వాలుగా ఉన్న రేకుతో మూసివేయాలి. ఫ్రిజ్ పక్కలకు, అరకు మధ్యనున్న సందులలో వేడినిరోధక పదార్థాన్ని నింపడం మేలు.

పురుగులు రాకుండా జాలీకి సన్నని దోమతెర బిగించేవారున్నారు. అది ధూళితో మూసుకుపోయి ప్రవాహాన్ని బాగా తగ్గిస్తుంది. అయితే బర్నర్‌లో సాలెపురుగులు గూడు పెట్టడం కూడా నిజమే కనుక, కొంచెం పెద్ద కన్నుల వల వాడి, ఏటా శుభ్రం చేయడం ఉత్తమం. తలుపు పూర్తిగా తెరిస్తే పై జాలీని కప్పివేసే వాహనాలు కూడా ఉన్నాయి.

వాహనాన్ని నిలిపే దిశ ఖర్చులేని ఉపాయం. ఉత్తరార్ధగోళంలో ఫ్రిజ్ ఉన్న పక్కను ఉత్తరానికి ఉంచితే గోడపై ఎండ తగ్గుతుంది. నేల సమతలంగా ఉండటమూ అవసరమే. వాలులో చాలాసేపు నడిపితే ద్రవం నిలిచిపోయి బాయిలర్ అతిగా వేడెక్కి, గొట్టాలు శాశ్వతంగా పూడిపోవచ్చు. అప్పుడు వెంటిలేషన్ ఏమీ చేయలేదు.

ఫ్యాన్లు

సహజ ప్రవాహం చాలనప్పుడు కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్లను పై జాలీ లోపల, గాలిని బయటకు నెట్టేలా అమరుస్తారు. 0.15 ఆంపియర్ల ఫ్యాను రోజంతా తిరిగినా 3.6 ఆంపియర్-గంటలే ఖర్చవుతుంది. కండెన్సర్ వేడెక్కినపుడే తిరిగేలా థర్మోస్టాట్ స్విచ్ పెడితే అదీ తగ్గుతుంది. ఫ్యాను గాలి బర్నర్‌కు తగిలితే మంట ఆరిపోతుంది, కాబట్టి దానిని మంటకు దూరంగా ఉంచాలి.

ఫ్యానుకూ హద్దులున్నాయి. ఫ్రిజ్‌ల వాతావరణ తరగతులలో ఎన్ తరగతికి 32, ఎస్‌టీకి 38, టీ తరగతికి 43 డిగ్రీలు గరిష్ట పరిసర ఉష్ణోగ్రతలు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చల్లని దేశానికై తయారైన ఎన్ తరగతి ఫ్రిజ్ అటువంటి ఎండలో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సరిగా పనిచేయదు.

భద్రత

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ వెనుక భాగం నివాస భాగంనుండి పూర్తిగా వేరుచేయబడి ఉండాలి. మంట సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్నవారికి ప్రాణాంతకం. అందువలన అర అంచులను ఊడని విధంగా సీలు చేయాలి. వాహనం లోపలి గాలిని ఫ్రిజ్ వెనుకకు మళ్ళించే మార్పులు ఎన్నడూ చేయరాదు. వంటగ్యాస్ గాలికంటె బరువైనది కనుక అరలో అడుగున కూడా బయటకు రంధ్రం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఫ్రిజ్ వెనుక అమ్మోనియా ఘాటు, పసుపుపచ్చని పొడి కనిపిస్తే గొట్టం చిల్లిపడినట్లే, వెంటనే ఆపివేయాలి.

కంప్రెసర్ ఫ్రిజ్‌లు

సౌర ఫలకాలు, లిథియం బ్యాటరీలు చవకైన తరువాత కొత్త వ్యాన్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు పెరిగాయి. వీటిలో మంట లేదు కనుక బయటి జాలీలు తప్పనిసరి కావు. అర అడుగున గాలి వచ్చే దారి, పైన పోయే దారి ఉంటే చాలు. కాని వాటి కండెన్సర్ ఫ్యాన్ వదిలిన వేడిగాలినే మరల పీల్చుకోకుండా మధ్యలో అడ్డు పెట్టాలి. లేకపోతే కంప్రెసర్ ఆగకుండా నడిచి, ఉదయానికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

చలికాలం

బయటి ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీలకంటె తగ్గితే శోషణ ఫ్రిజ్‌లో ఇబ్బంది తలకిందులవుతుంది. యంత్రం అతిగా చల్లబడి అమ్మోనియా ప్రసరణ మందగిస్తుంది. అటువంటప్పుడు తయారీదారులు ఇచ్చే చలికాలపు మూతలను జాలీలకు బిగిస్తారు. అవి పొగ పోయే మార్గాన్ని తెరిచే ఉంచుతాయి కాబట్టి, వాటి బదులు అట్టముక్కలను టేపుతో అంటించడం ప్రమాదకరం. ఎండలు రాగానే మూతలు తీసివేయాలి.