హెచ్చరిక ఎవరి చేతికి చేరాలి?

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం దాదాపు 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పడమటి తీరాన సముద్రగర్భం కంపించింది. తీవ్రత 9.1. కార్ నికోబార్‌ను అలలు గంటలోపే ముంచెత్తాయి. అవే అలలు తమిళనాడు, ఆంధ్ర తీరాలను చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. దేశంలో 10,000 మందికి పైగా మరణించారు.

ఆ రెండు గంటల్లో కబురు రాలేదా? వచ్చింది. కార్ నికోబార్ వైమానిక స్థావరం నుంచి దీవి మునిగిపోతోందన్న సందేశం చెన్నై చేరింది. వాతావరణ శాఖ పరికరాలు భూకంపాన్ని నమోదు చేశాయి. కానీ ఆ శాఖ పంపిన ఫాక్స్, ఏడు నెలల క్రితమే పదవి వీడిన మాజీ శాస్త్ర సాంకేతిక మంత్రి ఇంటికి వెళ్లిందని ఆనాటి పత్రికలు రాశాయి. హోం శాఖకు సమాచారం అందేసరికి అలలు తీరాన్ని తాకాయి. హవాయిలోని పసిఫిక్ కేంద్రమూ భూకంపాన్ని గుర్తించింది. అయితే హిందూ మహాసముద్ర దేశాలను హెచ్చరించే ఏర్పాటు దానికి లేదు.

అంటే, లోపం పరికరాలది మాత్రమే కాదు. వార్త అందినవారు ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ముందుగా నిర్ణయించి లేదు.

ఈ పాఠంతోనే 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పని ప్రారంభించింది. ఇక్కడ రాత్రింబగళ్లు సిబ్బంది విధుల్లో ఉంటారు. హెచ్చరికలు మూడు స్థాయిలు. 'వార్నింగ్' అంటే తీరప్రాంత ప్రజలను ఖాళీ చేయించాలి. 'అలర్ట్' అంటే ప్రజలు సముద్రపు ఒడ్డుకు దూరంగా ఉండాలి. 'వాచ్' అంటే అధికారులు సిద్ధంగా ఉండి తదుపరి సమాచారం కోసం వేచి చూడాలి. అల 60 నిమిషాల్లోపే చేరగల చోట్లకు భూకంప వివరాల ఆధారంగానే వార్నింగ్ ఇస్తారు. దూరపు తీరాలకైతే సముద్రమట్టం కొలతలు చూశాకే ఆ స్థాయికి పెంచుతారు. అనవసరంగా అందరినీ పరుగెత్తిస్తే, మరోసారి ఎవరూ నమ్మరు కదా!

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఈ పద్ధతికి పరీక్ష ఎదురైంది. నికోబార్‌లోని కొన్ని ప్రాంతాలకే వార్నింగ్ వెళ్లింది. పెద్ద సునామీ రాలేదు. తూర్పు తీరమంతటినీ ఖాళీ చేయించవలసిన అవసరమూ కలగలేదు.

అయినా నికోబార్ వాసికి మిగిలే సమయం నిమిషాలే. అక్కడ భూమి గట్టిగా కంపిస్తే అదే తొలి హెచ్చరిక. సందేశం కోసం ఎదురుచూడక ఎత్తైన చోటికి చేరాలి. ఆ చివరి బాధ్యత ఏ కార్యాలయానిదీ కాదు, ఒడ్డున నిలిచిన ప్రతి ఒక్కరిదీ.