జింకతోలు రాముడు, మేకతోలు రాముడు

మా పావగడ తాలూకా కర్ణాటకంలోనిదే అయినా మూడు వైపులా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకులో ఇంగ్లీషు. ఇట్లాంటి చోట పెరిగినవాళ్లకు ఒక వస్తువు ఇటుదా అటుదా అని తేల్చడం ఎంత కష్టమో తెలుసు. తోలుబొమ్మలాట అట్లాంటి వస్తువు. మనం తోలుబొమ్మలాట అన్నదాన్నే కన్నడిగులు తొగలు గొంబెయాట అంటారు. అటు కేతిగాడు, ఇటు కిళ్ళేక్యాత. బంగారక్క మాత్రం రెండు వైపులా బంగారక్కే. ఇక ఆడించేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస. తెర వెనక చేరితే తెలుగో కన్నడమో. భాషా అల్పసంఖ్యాకులమని చెప్పుకునే మనలోనూ మరో అల్పసంఖ్య ఉందన్నమాట.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాకూ ఖర్చుకూ సరిపోయిందా లేదా చూడడమే నాకు వచ్చిన విద్య. ఈ వ్యాసం కూడా సరిపోని ఒక లెక్క గురించే.

1994లో మా తాలూకాలోని ఒక పల్లె శాఖలో కొత్త ఆఫీసరుగా ఉన్నాను. అవి ఐ.ఆర్.డి.పి. అప్పుల రోజులు. మేకలు కొనుక్కోవడానికి అప్పు కావాలని ఒక ముసలాయన అర్జీ పెట్టాడు. విచారణకు ఇంటికి వెళ్లాను. ఒంటి గది, మట్టి గోడలు. ఆస్తి ఏముందని అడిగితే అటక మీది వెదురు బుట్ట దించి మూత తీశాడు. బొమ్మలు!

“ఇదే సారూ మా ఆస్తి. దీని మీద ఏమన్నా ఇచ్చేదానికి అవుతుందా?” అన్నాడు.

“ఎంత చేస్తాయి పెద్దాయనా?”

“రాముణ్ణి ఎంతకని చెప్పేది సారూ?”

ఆ బొమ్మను వాకిలి వెలుతురులో ఎత్తి పట్టుకున్నాడు. ఎండ దానిలోంచి దిగి గోడ మీద ఆకుపచ్చగా పడింది. “ఇది ఇర్రి తోలు. మా తాత చేసింది. నేను చేసినవన్నీ మేకతోలే” అన్నాడు. అప్పు మంజూరు చేశాను. నివేదికలో మాత్రం “గృహోపకరణాలు, విలువ లేదు” అని రాశాను. ఆ మాట రాసింది నేనే కాబట్టి దానికి జవాబు చెప్పుకోవలసిన వాణ్ణి కూడా నేనే.

ఇర్రి అంటే కృష్ణజింక. తోలుబొమ్మల్లో తోళ్లకు ఒక వరుస ఉండేది. దేవతలకూ పురాణ వీరులకూ ఇర్రి తోలు. భీముడికీ పదితలల రావణుడికీ, మోటుగా ఆడించినా చిరగదని, దుప్పి తోలు. మిగిలిన పాత్రలకు మేకతోలు. మామూలు బొమ్మకు ఒక్క తోలు చాలు. రావణుడికి తక్కువలో తక్కువ నాలుగు కావాలని చెబుతారు: ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, రెండు వైపుల చేతులకు రెండు. ఇందులో భక్తి ఎంత ఉందో పనితనం కూడా అంతే ఉంది. ఆముదం దీపం వెలుగు మసకగా ఉంటుంది. ఆ వెలుగును దాటనివ్వాలంటే పలచని తోలు కావాలి. ఊరూరా తిప్పినా నిలవాలంటే గట్టి తోలు కావాలి.

ఈ ఆట పాతదే. 13వ శతాబ్దిలోనే పాల్కురికి సోమన దీన్ని ప్రస్తావించాడు. మాకు దగ్గరలోని లేపాక్షికి వెళ్లి 16వ శతాబ్దపు కప్పు చిత్రాలు చూసినవాళ్లకు, ఆ పక్క మొగాలూ పెద్ద కళ్లూ చూడగానే తోలుబొమ్మలు గుర్తుకు రాక మానవు. అన్ని శతాబ్దాలూ తోలు అడవి నుంచీ మైదానం నుంచీ వచ్చింది. అది తప్పని ఎవరూ అనుకోలేదు. కృష్ణాజినం ఉపనయనంలో వటువు ఒంటి మీద ఉండేదే కదా!

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టారు. 1991 సవరణతో వేట పూర్తిగా నిషిద్ధమయింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరితే, మన దేశం 1976లో చేరింది. దాంతో కొత్తగా జింకతోలు బొమ్మ చేయడం మన దేశంలో నేరమయింది.

ఇది న్యాయమేనా? నా మటుకు నాకు న్యాయమే. మా పక్కనే మధుగిరి తాలూకాలో మైదనహళ్లి ఉంది. అక్కడ సుమారు 800 ఎకరాల గడ్డినేలను 2007లో జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. తెల్లవారుజామున వెళితే ఇర్రులు మందలుగా గెంతుతూ కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ సీమ బయళ్లన్నీ వాటివే. ఇప్పుడు వాటికి మిగిలింది ఇట్లాంటి చిన్న చిన్న ముక్కలు. కృష్ణజింక స్వేచ్ఛగా తిరిగే నేలే యజ్ఞానికి తగినదని మన ధర్మశాస్త్రాలు అన్నాయి. అంటే అది బతికి తిరగడమే ఆ నేలకు గుర్తు. దాని తోలు మన ఇంట ఉండడం కాదు.

చట్టం వల్లే కళ చచ్చిపోయిందని కొందరు పెద్దలు సభల్లో అంటూ ఉంటారు. లెక్క చూస్తే అది నిలవదు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, లాగి కట్టి ఆరబెడితే అదీ అద్దంలాగే అవుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నది ఆ పనే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన భీమవ్వ శిళ్ళేక్యాతరకు తొంభై ఆరేళ్ల వయసులో, 2025లో అదే గౌరవం దక్కింది. కేరళ తోల్పావకూత్తులోనూ జింకతోలు పోయి మేకతోలు వచ్చింది. జావాలో దున్నతోలు మీదే అంత గొప్ప కళ నిలిచింది. ఆటను దెబ్బతీసింది సినిమా, తర్వాత టీవీ. జింక ప్రాణానికీ ఆట ప్రాణానికీ పోటీ లేదు. మేకతోలు రాముడు కూడా రాముడే.

మరి సరిపోని లెక్క ఏది? పాత బొమ్మలది.

1972 చట్టం, అప్పటికే చేతిలో ఉన్న మొదటి షెడ్యూలు జంతువుల తోళ్లూ వాటితో చేసిన వస్తువులూ 30 రోజుల్లో ప్రకటించమంది. 2003 ఏప్రిల్‌లో మరోసారి 180 రోజుల గడువు ఇచ్చారు. ప్రకటించినవాళ్లకు యాజమాన్య పత్రం దొరుకుతుంది. ఆ పత్రం ఉన్నా అమ్ముకోవడానికి లేదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లో తెలియజేయాలి. పత్రం లేకుండా దొరికితే, అది అక్రమం కాదని రుజువు చేసుకోవలసిన భారం ఉన్నవాడిదే.

మైసూరులో వాన్ ఇంగెన్ అనే సంస్థ దాదాపు ఒక శతాబ్దం పాటు, 1999 దాకా, రాజులూ దొరలూ వేటాడిన పులులనూ చిరుతలనూ వేల సంఖ్యలో కూరి నిలబెట్టి ఇచ్చింది. బంగళాలున్నవాళ్లకు వకీళ్లున్నారు, గుమాస్తాలున్నారు, ఇంటికి నంబరు ఉంది. గడువు లోపల కాగితం పెట్టుకోగల తాహతు వాళ్లది. ఏడాదిలో సగం రోజులు ఊళ్లు తిరిగే బొమ్మలాటవాడికి గెజెట్ ఎవరు చదివి వినిపిస్తారు? సరదాకు చంపిన పులి గోడ మీద సక్రమంగా ఉండగలిగింది. నాలుగు తరాలకు కూడు పెట్టిన రాముడు అటక మీద దొంగసొత్తయినాడు.

2003లో ఆ గడువు సంగతి నేను పేపర్లో చదివాను. అప్పటికి నాకు మలెనాడుకు బదిలీ అయింది. ముసలాయన గుర్తుకు వచ్చాడు. ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. ఆ ఊళ్లో ఉన్న మా గుమాస్తాతో చెప్పినా చాలు. ఫారాలు నింపడం మాకు చేతకాని పనా? వార్షిక లెక్కల హడావిడిలో రేపు, ఎల్లుండి అనుకున్నాను. 180 రోజులూ గడిచిపోయాయి.

కొన్నేళ్ల తర్వాత తిరిగి ఇటు వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పెద్దాయన లేడు. ఆయన ఉండగానే పట్నం నుంచి ఎవరో వచ్చి ఇర్రి తోలు బొమ్మలకు మంచి ధర చెబితే అమ్మలేదట. ఆయన పోయాక, ఇంట్లో ఉంటే జైలుకు పోతామని ఎవరో కొడుకుని భయపెట్టారు. అరిగిపోయిన బొమ్మలను పూజ చేసి నదిలో విడవడం వాళ్ల ఆచారమే. కానీ మా పెన్నలో నీళ్లుంటే కదా! నాగలమడికె దగ్గర నీళ్లు వచ్చిందాకా కాచుకుని, టెంకాయ కొట్టి విడిచిపెట్టాడట.

“అవి అరిగినవి కావు సార్. ఇంకా ఆడేవే” అన్నాడు ఆ అబ్బాయి. నా దగ్గర జవాబు లేదు.

2023 అక్టోబరులో ఒక టీవీ పోటీదారుడి మెడలో పులిగోరు కనబడి కర్ణాటకమంతా గగ్గోలయింది. తర్వాత 2024 మొదట్లో, ఇట్లాంటి వస్తువులున్నవాళ్లు వాటిని అప్పగించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక గడువు ప్రకటించింది. అప్పుడూ మాటలన్నీ గొప్పవాళ్ల మెడల గురించే. అటకల మీది బుట్టల మాట ఎవరూ ఎత్తలేదు.

నేను కోరేది చట్టాన్ని సడలించమని కాదు. సడలిస్తే పాత బొమ్మ పేరున కొత్త జింక చస్తుంది. అమ్మకం ఎప్పటికీ కూడదు. కానీ అటవీ శాఖవాళ్లూ జానపద కళలు తెలిసినవాళ్లూ కలిసి ఊరూరా తిరిగి, ఉన్న పాత బొమ్మలను బొమ్మ తీసి, నంబరు వేసి, పట్టీ రాయాలి. ఉంచుకుంటామన్నవాళ్లకు కాగితం ఇవ్వాలి. వద్దన్నవాళ్ల బొమ్మలు ఆ కుటుంబం పేరుతోనే మ్యూజియంలో చేరాలి. అది జరిగేలోగా, మనలో చదువుకున్నవాళ్లు ఒక పని చేయవచ్చు. మీ ఊళ్లో బొమ్మలాటవాళ్ల ఇల్లు ఉంటే వెళ్లి బుట్టలో ఏముందో అడగండి. పెద్దవాళ్లు పోయి బొమ్మలు బిడ్డల చేతికి వచ్చి ఉంటే, 90 రోజుల నియమం వాళ్లకు చెప్పండి. అర్జీ మీరే రాసిపెట్టండి.

మైదనహళ్లి బయట్లో ఇర్రుల మంద ఉంది. నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులు ఆరుతున్నాయి. ఆ రెండు పద్దులూ జమలోనే ఉన్నాయి. మూడో పద్దు కింద 1994లో నేను రాసిన “విలువ లేదు” అన్న మాట ఒక్కటి మిగిలింది. దాన్ని కొట్టివేయడానికే ఇదంతా రాశాను.