గత ధరలు చెప్పేదేమిటి?

ఒక వాటా నిన్నటి ధరలు చూచి రేపటి ధర చెప్పగలమా? ఈ ప్రశ్నను మొదట గణితదృష్టితో విచారించినవారిలో ముఖ్యుడు ఫ్రెంచివాడైన లూయీ బషెలియే. 1900లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఆయన అక్కడి విపణిలో అమ్ముడయ్యే ప్రభుత్వ ఋణపత్రాల ధరలను పరిశీలించాడు. ధర పెరుగునో తరుగునో ముందుగా తెలియదు. ఎంతమేరకు కదలవచ్చునో మాత్రం అంచనా కట్టవచ్చునన్నాడు. ఆ మేర కాలంయొక్క వర్గమూలాన్నిబట్టి పెరుగుతుంది. ఒకరోజు కదలిక సుమారు 1 ఫ్రాంకు అనుకొంటే, 4 రోజులకు 4 కాదు, 2 ఫ్రాంకులే. నీటిలోని సూక్ష్మరేణువుల చలనానికి ఐన్‌స్టైన్ ఇటువంటి నియమాన్నే చెప్పింది 1905లో! అంగడి లెక్క భౌతికశాస్త్రంకంటె ముందు నడిచిందన్నమాట.

తరువాత 1953లో ఇంగ్లండులో మారిస్ కెండాల్ 22 ధరల శ్రేణులను పరీక్షించాడు. చికాగో గోధుమ ధరలు, బ్రిటిష్ వాటాల సూచికలు వాటిలో ఉన్నాయి. ఒక వారపు మార్పునుబట్టి మరుసటివారపు మార్పును ఊహించేందుకు పనికివచ్చే సంబంధమేదీ వాటిలో దాదాపు కనబడలేదు. పట్టికలో గీతలుగీచి, వాటిని నమ్మి సొమ్ము పెట్టేవారికి ఇది చేదువార్తే.

పట్టికలోనే మరొక చిక్కున్నది. సంస్థ ఒక్కొక్క వాటాను రెండుగా విభజిస్తే ధర ఆనాడే ఇంచుమించు సగమవుతుంది; వాటాదారుకు నష్టమేమీ లేదు, ఒకటికి రెండు వాటాలు చేతికి వస్తాయి. అందుచేత పాత ధరలనుకూడా సగంచేసి వ్రాసుకొన్న తరువాతనే పోల్చాలి.