ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన గుణకారం

ఆదివారం షట్టర్లు దింపిన ఆబిడ్స్ దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాలే నాకు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ నేర్పాయి. నాంపల్లి స్టేషన్‌లో దిగి నేరుగా అక్కడికే నడిచేవాణ్ణి. వందల అంకెలున్న సంఖ్యల గుణకారం కంప్యూటర్‌కు ఎంత బరువో అక్కడ కొన్న పుస్తకంలోనే చదివాను. 32 బిట్ల ప్రాసెసర్ సంఖ్యను ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ అవతలి ప్రతి ముక్కతో గుణిస్తూ, క్యారీని ముందుకు మోసుకుపోవాలి. పొడవు రెట్టింపైతే పని నాలుగింతలు. 1960లో గణితజ్ఞుడు కరత్సుబా ఆ పనిని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు.

హార్డ్‌వేర్ దారి 1985లో తెరుచుకుంది. జైలింక్స్ సంస్థ తెచ్చిన ఎక్స్‌సీ2064 చిప్‌లో 64 లాజిక్ బ్లాకులు. వాటి కనెక్షన్లను వాడేవాళ్లే మార్చుకోవచ్చు. అంటే లెక్కకు ఎంత వెడల్పు కావాలో సర్క్యూట్ అంత వెడల్పు! ప్యారిస్‌లోని డెక్ కంప్యూటర్ సంస్థ పరిశోధనశాలలో షాండ్, బెర్తాఁ, వ్యూమెన్ అలాంటి చిప్‌లు 25 పేర్చిన పెర్ల్-0 బోర్డుతో దీర్ఘ పూర్ణాంకాల గుణకారాన్ని వేగవంతం చేసి, 1990లో పత్రం ప్రచురించారు. వందల అంకెల సంఖ్యలతో నడిచే ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపికి కావలసింది సరిగ్గా ఇదే. నా దృష్టిలో ఆ చిన్న పత్రం గొప్ప మలుపు.

తర్వాత జైలింక్స్ మన హైదరాబాదులోనూ ఇంజనీరింగ్ కేంద్రం పెట్టింది. 2022లో ఆ సంస్థ ఏఎండీలో కలిసింది. ఇంజనీరింగ్ చదివే పిల్లలారా, ఒక ఆదివారం ఆబిడ్స్ వెళ్లండి, ఆ పాత పుస్తకాలు కొనండి.