పెద్దషాపూర్ పొలానికి ఎన్ని అనుమతులు?

హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 1990ల్లో ఒక కంపెనీ పన్నెండెకరాలు కొన్నది. ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెట్టాలన్నది దాని ఉద్దేశం. కేంద్ర పరిశ్రమల శాఖ లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చింది. గ్రామ పంచాయతీ ప్లాన్‌కు ఒప్పుకుంది. సాగుభూమిని వేరే అవసరానికి వాడుకోవచ్చని జిల్లా కలెక్టర్ అనుమతించారు.

అడ్డు వచ్చింది జీవో 111.

దాని మూలాలు 1908 సెప్టెంబరులో ఉన్నాయి. వేల ప్రాణాలు తీసిన మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల మేరకు మొదలైన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపే ఆ జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. వాటిని కాపాడేందుకు 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ జీవో తెచ్చింది. పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదంది. లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని రోడ్లకూ ఖాళీ జాగాకూ వదలాలంది.

చిత్రమేమంటే, జీవో తెచ్చిన ప్రభుత్వమే 1997లో ఈ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి మాత్రం కుదరదంది. అప్పిలేట్ అథారిటీ, హైకోర్టు కంపెనీ వైపు మొగ్గాయి. మండలి సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఎం.వి.నాయుడు కేసుగా పేరుపడ్డ ఈ వివాదంలో 2000 డిసెంబరులో జస్టిస్ ఎం.జగన్నాథరావు ధర్మాసనం తీర్పునిచ్చింది: లక్షలమంది తాగే నీటికి ముప్పున్నచోట అలాంటి మినహాయింపు చెల్లదు. కేంద్రం కాగితం, పంచాయతీ తీర్మానం, కలెక్టర్ ఉత్తర్వు ఏవీ ఆ ఫ్యాక్టరీని నిలబెట్టలేకపోయాయి.

అయినా ఆంక్షలు శాశ్వతం కాలేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో వాటిని ఎత్తేసింది. 2023 మేలో జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. జీవోకు శాసనసభ ఆమోదం అక్కర్లేదు. సచివాలయంలో ఒక సంతకంతో వచ్చేది, ఇంకో సంతకంతో పోతుంది.

అందుకే ఆ ఊళ్లలో ప్లాటు కొనబోయేవారు పంచాయతీ కాగితం చూసి అడ్వాన్సు ఇచ్చేయకుండా, తమ సర్వే నంబరు హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో ముందు చూసుకోవాలి.