బ్రూసెల్లా అబార్టస్

బ్రూసెల్లా అబార్టస్ ఆవులు, గేదెలలో ఈసుడు రోగాన్ని (బ్రూసెల్లోసిస్) కలుగజేసే బాక్టీరియా. ఇది సోకిన చూడి పశువులు సాధారణంగా అయిదవ నెల దాటిన తరువాత ఈసుకుపోతాయి. మనుషులకు కూడా సోకుతుంది గనుక దీనిని పశువుల నుండి సంక్రమించే వ్యాధికారక జీవులలో ముఖ్యమైనదిగా పరిగణిస్తారు.

చరిత్ర

1887లో డేవిడ్ బ్రూస్ మాల్టా ద్వీపంలో ఈ ప్రజాతికి చెందిన మొదటి బాక్టీరియాను కనుగొన్నాడు. ప్రజాతికి ఆయన పేరే పెట్టారు. ఈసుకుపోయిన ఆవుల నుండి బ్రూసెల్లా అబార్టస్‌ను 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్నార్డ్ బ్యాంగ్ వేరుచేశాడు. అందువలన ఈ రోగానికి బ్యాంగ్ వ్యాధి అనే పేరు కూడా ఉంది.

శరీరంలో ప్రయాణం

రోగకారకాలతో కలుషితమైన మేత, నీరు తీసుకోవడం వలన, ఈసుకుపోయిన పిండాన్ని లేదా మాయను నాకడం వలన బాక్టీరియా పశువు శరీరంలో ప్రవేశిస్తుంది. మొదట దగ్గరలోని లింఫు గ్రంథులను చేరుతుంది. అక్కడి భక్షక కణాలు దీనిని మింగినప్పటికీ, కొన్ని బాక్టీరియాలు ఆ కణాలలోనే బ్రతికి, వృద్ధి చెంది, రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపిస్తాయి. చూడి లేని పశువులలో ఇవి ముఖ్యంగా పొదుగులోను, లింఫు గ్రంథులలోను నిలిచి ఉంటాయి.

మాయలోనే ఎందుకు?

బాక్టీరియా రక్తంతో పాటు అనేక అవయవాలను చేరినా, చూడి పశువు మాయలో మాత్రమే అపారంగా పెరుగుతుంది. 1960వ దశకం తొలి సంవత్సరాలలో ఇంగ్లండుకు చెందిన హ్యారీ స్మిత్, ఆయన సహచరులు దీనికి ఒక కారణాన్ని చూపించారు. ఆవు మాయలోను, పిండద్రవాలలోను ఎరిథ్రిటాల్ అనే నాలుగు కార్బన్ల చక్కెర ఆల్కహాల్ ఉంటుంది. బ్రూసెల్లా అబార్టస్ గ్లూకోజు కంటే దీనినే ముందుగా వినియోగించుకుంటుంది. గొర్రె, మేక, పంది మాయలలో కూడా ఎరిథ్రిటాల్ ఉండగా, మనిషి, ఎలుక, కుందేలు మాయలలో అది కనబడలేదు.

అయితే ఇదొక్కటే కారణం కాదు. మాయలోని ట్రోఫోబ్లాస్టు కణాలలోకి చొచ్చుకొనిపోయి, వాటి అంతర్జీవద్రవ్య జాలంలో వృద్ధి చెందే సామర్థ్యం కూడా ఈ బాక్టీరియాకు ఉంది. ఆ కణాలు దెబ్బతిన్నందున మాయకు వాపు వచ్చి, పిండానికి పోషణ తగ్గి, పశువు ఈసుకుపోతుంది. ఆ తరువాత మాయ సకాలంలో పడకపోవడం సాధారణం. తదుపరి చూళ్ళు చాలావరకు నెలలు నిండి ఈనినప్పటికీ, పశువు పాలలోను, ఈనినప్పటి స్రావాలలోను బాక్టీరియాను వెలువరిస్తూనే ఉండవచ్చు.

నివారణ

ఎస్-19 అనే సజీవ టీకా విత్తును 1923లో ఒక జెర్సీ ఆవు పాల నుండి వేరుచేశారు. ఎరిథ్రిటాల్ వినియోగానికి అవసరమైన జన్యువులలో కొంత భాగం ఇందులో లోపించింది. అందువలన ఎరిథ్రిటాల్ ఉన్నచోట దీని పెరుగుదల కుంటుపడుతుంది. భారతదేశంలో 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో 4 నుండి 8 నెలల వయసు గల పెయ్య దూడలకు ఒకసారి టీకా వేయాలని నిర్ణయించారు. చూడి పశువులకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

మనుషులలో ఇది విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని, కీళ్ళ నొప్పులను కలిగిస్తుంది. కావున పాలను కాచి త్రాగాలి. మాయను, ఈసుకుపోయిన పిండాన్ని ఒట్టి చేతులతో తాకకుండా, లోతైన గోతిలో సున్నం వేసి పూడ్చిపెట్టాలి.