నల్ల మందతో పాటే పోయిన గొంగడి

దసరా దాటి వానలు వెనక్కి తగ్గి, పొద్దున పూట మంచు పడటం మొదలైందంటే గొర్రెలు కాసి గొంగళ్లు నేసే కురుమల ఇళ్లలో ఎవరి చేతికీ తీరిక ఉండేది కాదు. అప్పటికే గొర్రెల ఒంటి మీది ఉన్ని కత్తిరించి గంపలకెత్తి పెట్టేవారు. ఇక వడకాలి, నేయాలి, చలి ముదిరేలోపు అంగడికి చేర్చాలి. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికే. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ఆదివారం ఆదివారం సాగుతుంది. ఆ నెలల్లో అమ్ముడుపోయిందే సొమ్ము. మిగిలిన గొంగళ్లు మళ్లీ ముసురు పట్టేదాకా దండెం మీద వేలాడాల్సిందే. తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా నడిచిన ఉన్ని వ్యాపారం ఇంతే. దానికి దుకాణం లేదు, బోర్డు లేదు. ఇంటి ముందు ఒక గుంట మగ్గం, ఇంటి వెనక దొడ్డి నిండా నల్ల గొర్రెలు.

ఆ గొర్రె పేరు దక్కనీ. తెలంగాణ నుంచి కర్ణాటక, మహారాష్ట్రల దాకా పరుచుకున్న మెట్ట పీఠభూమి మీద పుట్టి పెరిగిన జాతి. ఎండకు ఓర్చుకుంటుంది, వందల మైళ్లు నడుస్తుంది, గడ్డి లేకపోతే తుమ్మకాయ తిని బతుకుతుంది. దాని ఉన్ని ముతక. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, కత్తిరింపుకి అర కిలో వస్తే గొప్ప. ఒక్క గొంగడికి ఎన్ని గొర్రెలు ఒళ్లు అప్పగించాలో లెక్క వేసుకోవచ్చు.

కత్తిరించిన ఉన్నిలో పల్లేరుకాయలు, మట్టి, పేడ ఉండలు అన్నీ ఉంటాయి. వాటిని ఏరి, ఉన్నిని దూదిలా విప్పి, కదురు మీద వడికేది ఆడవాళ్లు. నేసేది మగవాళ్లు. నేతకు ముందు పడుగుకి గంజి పట్టించాలి, అదీ చింతగింజల గంజి. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే చిక్కటి జిగురు తయారవుతుంది. దాన్ని పడుగు మీద పోసి కుంచెతో దువ్వుతూ పోతే, పిచ్చుక గూడులా రేగి ఉన్న పోగులు ఒక్కొక్కటే విడివడి బిగుసుకుంటాయి. ఆ వాసన ఇల్లంతా పట్టుకుని నాలుగు రోజులుంటుంది. కొత్త గొంగడి అట్టలా నిలబడేదీ, వానచుక్క దాని మీద నుంచి జారిపోయేదీ ఆ గంజి, ఆ ముతక ఉన్ని చలవే. మెత్తటి ఉన్ని అయితే వాన నీళ్లు తాగేస్తుంది.

వానలో దాన్ని మడిచి నెత్తి మీంచి కొప్పెర వేసుకుంటే గొర్రెలకాపరికి గొడుగు. రాత్రి చేలో మంద కట్టినప్పుడు పరుపూ అదే, దుప్పటీ అదే. కురుమల పెళ్లికీ, వాళ్ల దేవుడు బీరప్ప పండుగకీ గొంగడి పరవాల్సిందే. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల తూటాకి నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పుట్టింది గొర్రెల కాపరుల ఇంట్లోనే. ఆ తర్వాత లేచిన తెలంగాణ సాయుధ పోరాటానికి భుజాన గొంగడే గుర్తుగా మిగిలింది. పాటగాడు గద్దర్ అదే గొంగడి వేసుకుని ఊరూరా వేదికలెక్కాడు. పాటలో, బొమ్మలో, సభలో గొంగడికి గౌరవం పెరిగిన కాలమూ, ఇళ్లలో మగ్గాలు ఆగిన కాలమూ ఇంచుమించు ఒకటే కావడం ఈ కథలో నాకు మింగుడుపడని సంగతి.

ఇది మనవాళ్లకే వచ్చిన కష్టం కూడా కాదు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో పశువుల కాపరులైన రౌత్‌లు వానాకాలం నెత్తిన ఖుమరీ అనే వెదురు టోపీ, ఒంటి మీద గొర్రెల కాపరులైన గడరియాలు నేసిన కమరా అనే కంబళి వేసుకుని తిరిగేవారు. పేరు వేరు, పని అదే. రాయ్‌పూర్ దాటి బిలాస్‌పూర్ దారిలో ధర్సీవా వైపు వెళ్తే ఇప్పుడు సిల్తరా ఇనుప ఫ్యాక్టరీల పొగ గొట్టాలు కనిపిస్తాయి. పశువులు మేసే నేల తగ్గినచోట వాటిని కాసేవాడి దుప్పటి మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది?

గొంగడిని ఏది చంపిందని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: చవక దుప్పటి. అబద్ధం కాదు. పానిపట్‌లో పాత ఊలు బట్టలు చింపి, మళ్లీ పోగులు తీసి నేసిన దుప్పట్లు దేశమంతా పారాయి. లూధియానా స్వెటర్లు చలికాలం రాగానే ప్రతి పట్నంలోనూ ఫుట్‌పాత్‌ల మీద గుట్టలుగా వచ్చిపడ్డాయి. యాక్రిలిక్ దారం రంగురంగులుగా, తేలికగా, గుచ్చుకోకుండా ఉంటుంది. గొంగడి గీసుకుంటుందని విసుక్కున్న కొనుగోలుదారుకి ఏం చెప్తాం? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరే రకం ఎప్పుడూ ఉంటారు. కానీ ఈసారి వాళ్లకి వేరే దుప్పటి దొరికింది. సైన్యానికి ముతక కంబళ్లు నేసిచ్చిన సహకార సంఘాలకు కూడా ఆ ఆర్డర్లు తగ్గుతూ వచ్చి చివరికి నిలిచిపోయాయి.

అయినా చవక దుప్పటి ఒక్కటే వచ్చి ఉంటే గొంగడి చిక్కిపోయేదే కానీ ఇంతగా కూలిపోయేది కాదని నా నమ్మకం. చేనేత చీర మిల్లు చీర పక్కన ఇంకా బతికే ఉంది కదా. గొంగడి సంగతి వేరు. దాని కింద నుంచి గొర్రెనే లాగేశారు.

లాగినవాళ్లు శత్రువులేం కాదు. మొదట వచ్చింది ఉన్ని బాగుచేయాలన్న తలంపు. నల్లని ముతక ఉన్నికి రంగు ఎక్కదు, మిల్లుకి పనికిరాదు. కాబట్టి మెరినో, కారిడేల్ లాంటి విదేశీ పొట్టేళ్లతో సంకరం చేద్దామన్నారు. ఆ జాతులు మన మెట్ట ఎండలకీ వలస నడకకీ సరిపడలేదు. ఆ తర్వాత ఉన్ని మాటే వదిలేసి మాంసం మీద పడ్డారు. నెల్లూరు జాతి ఎర్ర పొట్టేళ్లు వచ్చాయి. ఎత్తుగా, బరువుగా ఉంటాయి, పిల్లలు త్వరగా ఎదుగుతాయి, ఒంటి మీద ఉన్ని ఉండదు. యాట మాంసం ధర ఏటేటా పైకి పోతుంటే కాపరి ఎటు మొగ్గుతాడు? పిల్లలకు ఫీజులు కట్టాల్సినవాడు ఎర్ర పొట్టేలును మందలోకి తోలుకుంటే తప్పుపట్టే హక్కు నగరంలో కూర్చుని రాసుకునే మనకి లేదు. రెండు మూడు ఈతల్లో నల్ల మంద ఎర్రబారింది. పుట్టిన ప్రతి పిల్లకీ ఉన్ని తగ్గుతూ పోయింది.

నేల కూడా కుంచించుకుపోయింది. ఒకప్పుడు రైతే కబురంపి, గింజలిచ్చి చేలో మంద కట్టించుకునేవాడు, ఎరువు కోసం. బస్తా యూరియా వచ్చాక ఆ పిలుపులు తగ్గాయి. బోర్లు పడి, పత్తి పరుచుకుని, పంటల మధ్య బీడు విరామం లేకుండా పోయింది. ఆ పైన వచ్చిన సర్కారు సాయమూ ఉన్ని వైపు చూడలేదు. 2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి లక్షా పాతికవేల యూనిట్, డెబ్బై అయిదు శాతం సబ్సిడీ. గొల్ల కురుమలకు అంత పెద్ద పథకం అంతకుముందు లేదు. ఆ గొర్రెలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. వాటినే మళ్లీ మళ్లీ అమ్మి చూపించారన్న ఆరోపణలూ, ఆ పైన కేసులూ వచ్చాయి. వాటి సంగతి అలా ఉంచితే, పథకం లెక్కంతా మాంసం మీదే కట్టింది. ఉన్ని ఊసు అందులో లేదు.

ఇక మిగిలిన నల్ల గొర్రెలకు ఇప్పటికీ ఉన్ని పెరుగుతుంది, కత్తిరించకపోతే పురుగులు పడతాయి. వెనకటి రోజుల్లో ఉన్నికే విలువ ఉండేది. ఇప్పుడు కాపరే కూలి ఎదురిచ్చి కత్తిరింపిస్తాడు. కాళ్లు కట్టి పడుకోబెట్టిన గొర్రె మీద కత్తెర నడుస్తుంటే ఉన్ని పొరలుపొరలుగా పక్కకు పడుతుంది, నల్లగా, లోపలి వైపు కాస్త ఎర్రగా, జిడ్డుగా. పని అయ్యాక గొర్రెను లేపి తోలుకుపోతారు. ఉన్నిని చాలాచోట్ల అక్కడే వదిలేస్తారు, లేదంటే కంచె అవతలికి విసిరేస్తారు. తూకం వేసేవాడూ లేడు, బేరం ఆడేవాడూ లేడు.

నిలబెట్టాలని చూసినవాళ్లు లేకపోలేదు. పశువైద్యులు నడిపే ఆంత్ర లాంటి సంస్థలు దక్కనీ గొర్రె విలువ గురించి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి, కాపరులు సంఘాలు కట్టుకుని నల్ల పొట్టేళ్లను వెతికి మళ్లీ మందల్లో కలిపారు. గొంగడి బట్టతో రైతులకు బూట్లు కుట్టి అమ్మే కుర్రవాళ్లు వచ్చారు. చాపలు, సంచులు నేయించి నగరాల్లో అమ్ముతున్నవాళ్లూ ఉన్నారు. కొనేవాళ్లూ దొరుకుతున్నారు, ఒకప్పటి అంగడిలో ఎవరూ ఊహించని ధరకి.

ఆర్డరు వచ్చాక మొదలయ్యేదే అసలు తిప్పలు. నేసే తాత ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. వడికే అవ్వ దొరకడం అంతకన్నా కష్టం, ఎందుకంటే ఆమె కూలి ఎప్పుడూ గొంగడి ధరలో కలిసిపోయిందే కానీ విడిగా చేతికి రాలేదు, కాబట్టి కోడలికి ఆ పని నేర్పాలని ఆమెకే అనిపించలేదు. వాళ్లిద్దరూ కుదిరినా, సరిపడా నల్ల ఉన్ని కోసం ఊళ్లు దాటి, ఒక్కోసారి రాష్ట్రం దాటి కర్ణాటక మందల దాకా మనిషిని పంపాల్సి వస్తోంది.